ప్రధానసంఖ్యా లక్షణము — సుబ్బారావుగారి సూత్రము

అవ్యాప్తి, అతివ్యాప్తి, అసంభవము అను మూడు దోషములు లేనిదే లక్షణమని మన శాస్త్రకారుల మతము. ఈ నియమము తర్క వ్యాకరణములకే గాక గణితమునకును చెల్లును. 1 కంటె పెద్దదై, 1 చేతను తనచేతను మాత్రమే నిశ్శేషముగా భాగింపబడు సంఖ్య ప్రధానసంఖ్య. ఈ నిర్వచనము నిర్దుష్టమే. కాని పెద్దసంఖ్యల యెడ దీనినిబట్టి నిర్ణయించుట మిక్కిలి శ్రమసాధ్యము.

2,14,74,83,647 అను సంఖ్యను గైకొందము. 2ను 31 మార్లు వ్రాసి గుణింపగా వచ్చిన లబ్ధముకంటె ఇది ఒకటి తక్కువ. నిర్వచనమునే పట్టుకొన్నచో 46,340 వఱకు గల ప్రధానసంఖ్యలన్నిటితోను దీనిని భాగించి చూడవలెను. దీని ప్రధానభాజకములను 248చే భాగించినచో 1 గాని 63 గాని శేషింపవలెనని గ్రహించి, ఆయిలరు ఆ శ్రమను తగ్గించి, 1772లో ఇది ప్రధానసంఖ్యయే యని నిరూపించెను.

వేఱొక లక్షణము ఫెర్మా చెప్పినది. బేసి ప్రధానసంఖ్యకంటె ఒకటి తక్కువ మార్లు 2ను గుణించి, లబ్ధమునుండి 1 తీసివేసినచో, మిగిలినది ఆ ప్రధానసంఖ్యచే భాగింపబడును. ఇందు అవ్యాప్తి లేదు, అతివ్యాప్తి కలదు. 341 అనునది 11, 31ల లబ్ధమయ్యును ఈ పరీక్షలో నెగ్గును. ఇట్టి సంఖ్యలు అనంతములు.

స్టూవర్టుపురము గల బాపట్ల ప్రాంతమునందలి యాజలి గ్రామమున 1921లో జన్మించిన మతుకుమల్లి వేంకట సుబ్బారావుగారు శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున బోధించి, 1963లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయమునకు వెడలిరి. వారు 1974లో ప్రకటించిన సూత్రమిది: ఒక సంఖ్యను దాని భాజకముల మొత్తముతో గుణించి 2 తీసివేయవలెను. ఆ సంఖ్యను మించక, దానితో 1 తప్ప సామాన్యభాజకము లేని సంఖ్యలెన్నియో లెక్కింపవలెను. మొదటిది రెండవదానిచే నిశ్శేషముగా భాగింపబడినచో, ఆ సంఖ్య ప్రధానసంఖ్య యగును; లేదా 4, 6, 22లలో నొకటి యగును.

22ను చూతము. దాని భాజకములు 1, 2, 11, 22, మొత్తము 36. 22ను 36తో గుణించిన 792. రెండు తీసిన 790. రెండవ లెక్క 10. భాగహారము నిశ్శేషము. ఇక ఆయిలరు సంఖ్యకు భాజకములు రెండే, మొత్తము 2,14,74,83,648. రెండవ లెక్క 2,14,74,83,646. దీనిచే భాగింపగా ఆ సంఖ్య 1ని, భాజకముల మొత్తము 2ను శేషించును. కావున లబ్ధమునకు శేషము 2. అది తీసివేయగా శేషము లేదు. ఈ యుక్తి ప్రతి ప్రధానసంఖ్యకును చెల్లును గనుక అవ్యాప్తి లేదు. అతివ్యాప్తియో మూడు సంఖ్యలకే పరిమితము. వానిని పేరుపెట్టి త్రోసివేసినచో లక్షణము నిర్దుష్టమగును.

అయినను ఇది పరీక్షాసాధనము కానేరదు. భాజకముల మొత్తము కావలెనన్న ముందు భాజకములు తెలియవలెను. అవి తెలిసిన పిమ్మట ప్రధానమా కాదా యను సందేహమునకే తావులేదు. నిర్దుష్టమై, పెద్దసంఖ్యలకును త్వరితముగా నిర్ణయింప వీలైన పద్ధతిని 2002లో కాన్పూరునందు అగ్రవాల్, కయాల్, సక్సేనాలు ఫెర్మా లక్షణమును విస్తరించి సాధించిరి. వస్తువును గుర్తించుట యొకటి, దాని స్వరూపమును తెలియుట యొకటి. సుబ్బారావుగారి సూత్రము రెండవదానికి చెందినది. దాని విలువను అందే వెదకవలెనని మా యభిప్రాయము.