కొల్లేటి సీమలో పూలనాట్లకు అదను

విదేశీ విత్తనపు పొట్లముల వెనుక, చివరి గడ్డమంచు వెడలిన పిదపనే ఈ మొక్కలను నాటవలెనని వ్రాసియుండుట కద్దు. ఇంగ్లండు వంటి శీతలదేశములలో అది యుక్తమైన హెచ్చరికయే. మేఘములు లేని వసంతరాత్రులందు అచ్చటి నేల తన వేడిమిని ఆకసమునకు వదలి చల్లారిపోవుటచే, లేతమొక్కల ఆకులలోని నీరు గడ్డకట్టి, కణములు ఛిద్రములై, తెల్లవారునప్పటికి మొక్క ఉడికిన తోటకూరవలె నల్లబడి వాలిపోవును. కావుననే అచ్చటివారు బంతిని, పెటూనియాను, సాల్వియాను మే మాసము చివరివరకు బయటి మడులలో నాటుటకు సాహసింపరు. ఏలూరువారు ఆ పొట్లమును నమ్మి మే నెలలో నాటిరేని, మంచు మాట అటుండ, రోహిణికార్తె యెండకు ఆ నారు మాడిపోవుట నిశ్చయము.

సముద్రమునకు చేరువగా, కాలువలతోను చెరువులతోను నిండిన ఈ పల్లపు సీమలో గడ్డమంచు పడదు. దానిని చూడగోరువారు చింతపల్లి మన్యమునందలి లంబసింగికి పోవలసినదే. మన తోటలకు భయము వేసవి యెండవలనను, అక్టోబరు నవంబరు నెలల వాయుగుండములవలనను మాత్రమే. కనుక పరదేశులు వేసవిలో పెంచు ఈ పూలను మనము చలికాలమున పెంచుకొనవలెను.

ఎండకంటె వానయే యెక్కువ మోసకారి. బుడమేరు, తమ్మిలేరు మొదలైనవి కొల్లేటికి తెచ్చిపోయు నీరు ఉప్పుటేరు దారినే సముద్రము చేరవలసియుండుటచే, చుట్టుపట్ల నల్లమట్టి నేలలలో నీరు త్వరగా తీయదు. మట్టి సందులలోని గాలి వెడలిపోగా వేళ్లు ఊపిరాడక కుళ్లును. అందువలన నీటిలో నిలిచిన బంతిమొక్కయే దప్పికగొన్నదానివలె వాడిపోవును. అది చూచి మరి రెండు చెంబులు పోయు దయాళువులు మనలో తక్కువవారు కారు! తాడేపల్లిగూడెము మెట్టలో, ఉద్యాన విశ్వవిద్యాలయము నెలకొన్న వెంకట్రామన్నగూడెము వైపున, ఎర్ర నేలలు నీటిని వేగముగా దింపుకొనును గనుక అచ్చటివారు కొంత ముందుగా నాటినను నష్టము లేదు. కొల్లేటివారు మాత్రము జానెడెత్తు బోదెలు కట్టి, వానిపైననే నాటవలెను.

సంక్రాంతి తోరణములకు, గొబ్బెమ్మలకు పెరటి బంతిపూలే కావలెనన్నచో లెక్కను పండుగనుండి వెనుకకు కట్టవలెను. నారు ఎదుగుటకు 25 మొదలు 30 దినములు, నాటినపిదప పూచుటకు 50 మొదలు 60 దినములు పట్టును. అనగా అక్టోబరు రెండవ వారమున తాటాకు పందిరి క్రింద నారుపోసి, విశాఖకార్తెలో, నవంబరు రెండవ వారమున నాటవలెను. నాటు దినమును పంచాంగముకంటె మట్టియే బాగుగా తెలుపును. గుప్పెడు మట్టిని పిడికిట పిసికి, ఆ ముద్దను బొటనవ్రేలితో నొక్కిచూడుడు: పొడిపొడిగా విరిగెనా, పదునైనది, వ్రేలికంటుకొని సాగెనా, మరి రెండు దినములు ఆగవలెను.

అన్ని పూలకును ఇదే అదను కాదు. కనకాంబరము చలికి మందగించునది గనుక తొలకరి వానలకే, జూన్, జూలై నెలలలో నాటిన మేలు. చామంతి పిలకలనును అప్పుడే నాటుదురుగాని, పగలు కురుచయగుకొలది మొగ్గతొడుగు స్వభావము కలది గనుక అది చలికాలముననే విరగబూయును. మల్లెకు నాటుటకంటె కత్తిరింపే ముఖ్యము. చలికాలపు తొలినాళ్లలో నీరు మాన్పించి, కొమ్మలు కత్తిరించి, పిమ్మట తడిపెట్టినచో వేసవికి పూలు దండిగా దిగును.

ఇంత లెక్కకట్టినను నవంబరును పూర్తిగా నమ్మరాదు. దివిసీమను ముంచిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చినదే. కావున మొదటి నారుపోసిన పది దినములకు మరియొక పిడికెడు బంతివిత్తనము వేరొక మడిలో చల్లియుంచుకొనుడు. తుపాను మొదటి నాట్లను తీసికొనిపోయినను, నవంబరు మూడవ వారమున ఆ నారును నాటినచో పండుగకు పూలందును.