నా బైక్‌కి విమానం పెట్రోల్ తాగించా!

డబ్బాలో లేత నీలం రంగు పెట్రోల్. రెండు లీటర్లు ఉంటుందేమో. పైలట్ ట్రైనింగ్‌లో ఉన్న నా ఫ్రెండ్ తెచ్చాడు. ఫ్లైట్ ఎక్కేముందు ట్యాంకులో నీళ్లు చేరాయేమో చూడటానికి కొంచెం ఇంధనం బయటికి తీస్తారట. అలా తీసింది పోగేశాడు మహానుభావుడు. 'పోసి చూడరా, నీ బండి గాల్లో లేస్తది' అన్నాడు. 200 సీసీ బైక్ ఉన్నోడికి అంతకన్నా ఏం కావాలి? పోసేశా.

ఆ సాయంత్రం శ్రీశైలం హైవే మీద తుక్కుగూడ దాకా తొక్కాను. నిజం చెప్పనా, 'అబ్బా, ఏం పికప్ రా బాబూ' అనిపించింది. ఇంటికొచ్చి ఫోన్‌లో జీపీఎస్ లెక్క చూస్తే టాప్ స్పీడ్ ఎప్పటిదే. ఒక్క కిలోమీటరు కూడా పెరగలేదు. లేచింది బండి కాదు, నా మనసు!

అసలు సంగతేంటంటే, 'విమానం పెట్రోల్' అనేది ఒక్కటి కాదు. మనం శంషాబాద్‌లో ఎక్కే పెద్ద జెట్ విమానాలు తాగేది ఏటీఎఫ్. అది కిరోసిన్ జాతి. పెట్రోల్ బైక్‌లో పోస్తే సరిగ్గా స్టార్టే కాదు. ఒకప్పుడు కిరోసిన్ కల్తీ చేసిన ఆటోలు ఎంత పొగ వదిలేవో నాన్నని అడగండి, చెప్తారు. రెండోది ఏవ్‌గ్యాస్. చిన్న పిస్టన్ ఇంజిన్ విమానాలకు వాడేది, నా డబ్బాలో ఉన్నది ఇదే. ఎక్కువగా దొరికే రకం పేరు 100 ఎల్ఎల్. మన దేశంలో 2022 నుంచి ఇండియన్ ఆయిల్ వాళ్ల వడోదర రిఫైనరీలోనే తయారవుతోంది. అంతకుముందు దిగుమతే.

ఆ '100' చూసే అందరం పడిపోతాం. ఆక్టేన్ అంటే పవర్ అనుకుంటాం. కాదు బాస్. సిలిండర్‌లో మంట ఇంకా పూర్తిగా పాకకముందే ఓ మూల ఉన్న పెట్రోల్ తనంతట తానే పేలిపోతే ఇంజిన్ 'టకటక'మంటుంది. దాన్నే నాకింగ్ అంటారు. ఆ తొందరపాటుని ఆపే ఓపికే ఆక్టేన్. టేకాఫ్‌లో ఫుల్ పవర్‌తో లాగే విమానానికి ఆ ఓపిక కావాలి, గాల్లో పాడైతే పక్కకి తీసి స్టాండ్ వేయలేం కదా. నా బైక్ మాన్యువల్‌లో మాత్రం 91 చాలని రాసుంది. 91తో హాయిగా నడిచే ఇంజిన్‌కి 100 పోస్తే అదనంగా వచ్చేదేం లేదు.

మరుసటి రోజు ఆయిల్ మార్పిద్దామని చాచా షెడ్‌కి వెళ్లా. ముప్పై ఏళ్లకు పైగా మెకానిక్ ఆయన. ట్యాంక్ మూత తీసి వాసన చూసి, 'ఏం పోసినవ్ బేటా?' అన్నారు. గొప్పగా చెప్పా. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. 'అందులో సీసం ఉంటది తెలుసా?'

నాకు తెలీదు. 100 ఎల్ఎల్‌లో రెండో అక్షరాల జంటకి అర్థం 'సీసం తక్కువ' అని. తక్కువంటే సున్నా కాదు, లీటరుకి 0.56 గ్రాముల దాకా ఉండొచ్చు. నాకింగ్ ఆపడానికి కలిపే టెట్రా ఇథైల్ లెడ్ అది. మన బంకుల్లోని పెట్రోల్‌లోనూ ఒకప్పుడు ఉండేది, 2000లో దేశమంతా తీసేశారు. బీఎస్-6 బైక్ సైలెన్సర్‌లో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్‌ మీద, ఆక్సిజన్ సెన్సర్ మీద సీసం పూతలా పేరుకుంటుంది. అదే పనిగా వాడితే రెండూ పనిచేయడం మానేస్తాయి. ఒక్కసారికి ఏం కాదులే అని చాచా ధైర్యం చెప్పారు గానీ, ఆయన బాధ బండి గురించి కాదు.

'మేం నేర్చుకునే రోజుల్ల పార్టులన్నీ ఉత్త చేతుల్తో పెట్రోల్‌లనే కడిగేటోళ్లం. అది చర్మంలోంచి కూడా లోపలికి పోతదని ఎవరు చెప్పిండ్రు?' అంటూ గ్లవ్స్ వేసుకున్నారు. నేను ఆ డబ్బాని ఉత్త చేత్తోనే వంచాను. అంతకన్నా భయమేసింది మరోటి. మా అక్క కూతురికి నాలుగేళ్లు. రోజూ సాయంత్రం బైక్ స్టార్ట్ చేయగానే పరిగెత్తుకొచ్చి సైలెన్సర్ పక్కనే నిలబడుతుంది, ఒక రౌండ్ తిప్పమని. సీసం దెబ్బ ఎక్కువగా పడేది పిల్లల మెదడు మీదే. ముందురోజు తుక్కుగూడ నుంచి వచ్చాక కూడా దాన్ని ఒక రౌండ్ తిప్పాను.

పాతకాలం రేసింగ్ బైకుల్లో ఏవ్‌గ్యాస్ వాడినోళ్లున్నారు, వాటికి కన్వర్టర్లు లేవు. సీసం మాత్రం అప్పుడూ గాల్లోకే పోయింది. అమెరికాలో ఇప్పుడు విమానాలకే 2030 చివరికల్లా సీసం లేని ఇంధనం తేవాలని లక్ష్యం పెట్టుకున్నారు. విమానాలే వదిలించుకోవాలని చూస్తున్నదాన్ని నేను డబ్బా పట్టుకుని మరీ పోయించుకున్నా.

చాచా ట్యాంక్ మొత్తం ఖాళీ చేశారు. మోరీలో పారబోద్దామన్నందుకు నన్ను తిట్టి, గట్టి మూత ఉన్న క్యాన్‌లో పోసి నా చేతికే ఇచ్చారు. దాన్ని ఫ్రెండ్‌కి అప్పగించా, వాళ్ల దగ్గర వాడేసిన ఇంధనం వేసే డ్రమ్ము ఉందట. వాడి మొదటి ప్రశ్న: 'ఎంత కొట్టిందిరా టాప్ స్పీడ్?'