కొండ నీడ ఎప్పుడు దిగుతుంది? సరస్సు ఒడ్డున ఫొటోకు చోటు వెతకడం

లద్దాఖ్‌లోని త్సో మొరిరి సరస్సు సముద్రమట్టానికి 4,522 మీటర్ల ఎత్తున ఉంది. ఉత్తర దక్షిణాలుగా సాగిన ఈ సరస్సుకు పడమట మెంటోక్ శిఖరాలు, తూర్పున 6,600 మీటర్లు దాటిన లుంగ్సర్ కాంగ్రీ, చామ్సర్ కాంగ్రీ ఉన్నాయి. కొర్జోక్ ఊరు పడమటి ఒడ్డున ఉంది. బస దొరికేది అక్కడే కాబట్టి, ఫొటోల కోసం వచ్చినవాళ్లు తెల్లవారుజామున వణుక్కుంటూ ఆ ఒడ్డుకే చేరతారు. సూర్యుడేమో ఎదురుగా, తూర్పు కొండల వెనక నుంచి వస్తాడు. ఫొటోలో శిఖరాలు నల్లటి ఆకారాలుగా, ఆకాశం తెల్లటి మచ్చగా మిగులుతాయి. అదే ఒడ్డు మీద సాయంత్రం నిలబడితే పడమటి ఎండ తిన్నగా ఆ శిఖరాల మీదే పడుతుంది. చోటు సరైనదే, పూట మాత్రం తప్పు.

ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లు ముందుగా చోట్లు చూసి రావడానికి రోజులు ఖర్చు పెట్టేది ఇందుకే. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నిలబడాలి అనేవి వాళ్లకు రెండు ప్రశ్నలు కావు. పైగా ఇందులో సగానికి పైగా పని ఇంట్లో కూర్చుని చేసేదే.

మొదటి లెక్క సూర్యుడిది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని చిన్నప్పుడు చదువుకున్నా, సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదికి రెండు రోజులే. త్సో మొరిరి అక్షాంశం దాదాపు 33 డిగ్రీలు. అక్కడ జూన్ మూడో వారంలో సూర్యోదయం తూర్పుకు సుమారు 28 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరులో అంతే దక్షిణంగా జరుగుతుంది. ఆ రెంటికీ మధ్య 56 డిగ్రీల తేడా ఉంది. జూన్‌లో చూసి పెట్టుకున్న లోయలోకి అక్టోబరులో వెళితే వెలుతురు వేరే కొండ సందులోంచి వస్తుంది. గడియారం విషయంలోనూ ఒక చిన్న మెలిక ఉంది. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖాంశానికి చెందినది. త్సో మొరిరి దానికి నాలుగు డిగ్రీలకు పైగా పడమట ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు నడినెత్తికి చేరేసరికి గడియారంలో 12 దాటి పావుగంటకు పైగా అవుతుంది.

పంచాంగంలోనో ఫోన్‌లోనో కనిపించే సూర్యాస్తమయ సమయం సమతల దిగంతానికి వేసిన లెక్క. కొండల్లో దిగంతం సమతలంగా ఉండదు. నిలబడిన చోటికి 5 కిలోమీటర్ల దూరంలో 1,000 మీటర్ల ఎత్తైన గట్టు ఉందనుకుంటే, దాని అంచు కంటికి 11 డిగ్రీల ఎత్తున కనిపిస్తుంది. ఈ అక్షాంశంలో మార్చి, సెప్టెంబరు విషువత్తుల రోజుల్లో సూర్యుడు ఆ 11 డిగ్రీలు దిగడానికి 54 నిమిషాలు తీసుకుంటాడు. అంటే ఫోన్‌లో సూర్యాస్తమయం 6:30 అని ఉంటే ఒడ్డు మీద ఎండ 5:36కే పోతుంది. అయినా ఎదుటి శిఖరాల మీద ఎండ పోదు. పడమటి గట్టు నీడ ముందు ఒడ్డును, తర్వాత నీటిని, ఆపైన ఎదుటి కొండ పాదాన్ని కప్పి, మెల్లగా పైకి పాకుతుంది. ఎండ ఎర్రబడే కొద్దీ అది చిట్టచివరి మంచు అంచుకే పరిమితమవుతుంది. నీడలో ఉన్న నీటికీ వెలిగే శిఖరానికీ వెలుతురులో ఎంత తేడా వస్తుందో, కెమెరా దాన్ని తట్టుకుంటుందో లేదో ముందే అంచనా వేయాలి. చాలామంది సరిగ్గా ఈ గంటలోనే ఎండ పోయిందనుకుని సామాను సర్దేస్తారు.

గట్టు ఎత్తు ఇంటి నుంచే ఎలా తెలుస్తుంది? 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక 11 రోజుల పాటు రాడార్‌తో భూమిని కొలిచింది. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం నుంచి 56 డిగ్రీల దక్షిణ అక్షాంశం వరకు నేల ఎత్తుల పటం అలా తయారైంది. ప్రతి 30 మీటర్లకు ఒక ఎత్తు చొప్పున అది ఇప్పుడు అందరికీ ఉచితంగా దొరుకుతోంది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి వెళ్లిన కార్టోశాట్-1లో ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు వంగి చూసే రెండు కెమెరాలు ఉండేవి. మన రెండు కళ్లు లోతును పసిగట్టినట్టే ఆ జంట చిత్రాల నుంచి నేల ఎత్తును రాబట్టారు. ఆ సమాచారం ఇస్రో వారి భువన్ పోర్టల్‌లో ఉంది. ఏ రోజు, ఏ గంటకు, ఏ గట్టు నీడ ఎక్కడిదాకా వస్తుందో చూపించే ఫోన్ యాప్‌లకు ఆధారం ఇలాంటి ఎత్తుల పటాలే.

వాటిని గుడ్డిగా నమ్మకూడదు. రాడార్ ఏటవాలుగా చూస్తుంది కాబట్టి నిటారు కొండల వెనక భాగం దానికి కనిపించదు. హిమాలయాల్లో అలా మిగిలిన ఖాళీలను తర్వాత వేరే సమాచారంతో పూడ్చారు. సన్నటి శిఖర రేఖ 30 మీటర్ల గళ్లలో సగటై, ఉన్నదానికన్నా కాస్త పొట్టిగా తేలుతుంది. యాప్ చెప్పిన నిమిషానికి ఎండ రాకపోతే కంగారు పడనక్కర్లేదు.

ఇక నీరు. సరస్సులో కొండ నీడ పూర్తిగా పడాలంటే సరస్సంతా అద్దంలా ఉండాలని అనుకుంటారు గానీ, లెక్క వేస్తే అంత అవసరం లేదని తేలుతుంది. నీటి మట్టానికి మీటరున్నర ఎత్తున కెమెరా ఉందనుకుందాం. 10 డిగ్రీల ఎత్తున కనిపించే శిఖరం ప్రతిబింబం కెమెరాకు ఎనిమిదిన్నర మీటర్ల దూరంలోని నీటి మీదే ఏర్పడుతుంది. 2 డిగ్రీల ఎత్తున ఉన్న కొండ దిగువ భాగానికి 43 మీటర్ల దాకా నీరు కావాలి. అంటే నడి సరస్సులో అలలున్నా, ఒడ్డున 40, 50 మీటర్ల నీరు కదలకుండా ఉంటే పని జరుగుతుంది. గాలి తగలని చిన్న మూలలు, అడ్డంగా పొడుచుకొచ్చిన ఇసుక మేటల చాటు, వరద తగ్గాక మిగిలిన మడుగులు ఇందుకే పనికొస్తాయి. ఒడ్డున ఉన్న 100 మీటర్ల గుట్ట ఎక్కితే అదే శిఖరం ప్రతిబింబం అర కిలోమీటరు అవతలికి, అలలున్న చోటికి జరిగిపోతుంది.

కెమెరా కిందికి దించడానికి ఇంకో కారణం కూడా ఉంది. నీటి మీద నిలువుగా పడిన కాంతిలో 2 శాతమే పరావర్తనం చెందుతుంది. నీటి ఉపరితలానికి 10 డిగ్రీల కోణంలో వచ్చిన కాంతిలో 35 శాతం, 5 డిగ్రీల కోణంలో అయితే 58 శాతం తిరిగి వస్తుంది. కిందికి వంగి చూస్తే నీటి అడుగున రాళ్లు, దూరంగా చూస్తే కొండలు కనిపించేది అందుకే. పోలరైజర్ ఫిల్టర్ నీటి మెరుపును తగ్గిస్తుందని అందరూ కొంటారు. ఉపరితలానికి 37 డిగ్రీల కోణంలో అది దాదాపు మొత్తం మెరుపును మింగేస్తుంది. ప్రతిబింబం కోసమే అంత దూరం వచ్చినవాళ్లు దాన్ని తిప్పి ఉంచి ఫొటో పాడుచేసుకోవడం కొత్తేమీ కాదు.

గాలికీ ఒక దినచర్య ఉంది. పొద్దెక్కే కొద్దీ కొండ వాలులు వేడెక్కి, గాలి లోయ నుంచి పైకి లేస్తుంది. మధ్యాహ్నానికి సరస్సు నిండా అలలే. రాత్రంతా చల్లబడిన బరువైన గాలి లోయలో నిలిచి ఉండే తెల్లవారుజామున నీరు కదలదు. దీనితో ఒక చిక్కు వస్తుంది. కొర్జోక్ వైపు నుంచి తూర్పు శిఖరాల మీద వెలుతురు బాగుండేది సాయంత్రం, నీరు ప్రశాంతంగా ఉండేది ఉదయం. రెండూ కలిసి కావాలంటే ఉదయపు ఎండ పడే పడమటి మెంటోక్ శిఖరాలను ఎదుటి ఒడ్డు నుంచి చూడాలి.

చంద్రుడిని, పాలపుంతను కలుపుకుంటే లెక్క మరికాస్త పెరుగుతుంది. పాలపుంత నడిబొడ్డు హైదరాబాద్‌లో దక్షిణ దిగంతం నుంచి 44 డిగ్రీల దాకా లేస్తే, త్సో మొరిరిలో 28 డిగ్రీలకు మించదు. కాబట్టి దక్షిణాన తక్కువ ఎత్తు కొండలున్న చోటే వెతకాలి. చంద్రుడి లెక్క ఎంత కచ్చితమో అమెరికాలోని టెక్సస్ స్టేట్ విశ్వవిద్యాలయ ఖగోళ శాస్త్రవేత్త డొనాల్డ్ ఓల్సన్ బృందం చూపించింది. యోసెమిటీలోని గ్లేసియర్ పాయింట్ నుంచి ఆన్సెల్ ఆడమ్స్ తీసిన శరత్కాలపు చంద్రుడి ఫొటోలో చంద్రుడి స్థానాన్ని, కొండల మీద నీడలను కొలిచి, అది 1948 సెప్టెంబరు 15 సాయంత్రం తీసినదని తేల్చారు. చంద్రకళలు 19 ఏళ్లకొకసారి దాదాపు అవే తేదీలకు వస్తాయి. అలాంటి మూడు ఆవృత్తాల తర్వాత, 2005 సెప్టెంబరు 15న అదే దృశ్యం చూడటానికి జనం కెమెరాలతో అక్కడికి చేరారు.

ఇంట్లో కూర్చుని తేల్చలేనివి కొన్ని ఉన్నాయి. 4,500 మీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టం దగ్గరి పీడనంలో దాదాపు 57 శాతమే. విమానంలో నేరుగా లేహ్‌లో దిగినవాళ్లు కనీసం రెండు రోజులు అక్కడ ఆగకుండా పైకి వెళ్లకూడదు. తలనొప్పి, వాంతులు మొదలైతే మంచి ఎండ కోసం ఆగకుండా కిందికి దిగిపోవాలి.

రెండోది, నిలబడే నేల. నీరు కదలని నిస్సారపు మూలలు, తడి గడ్డి, మడుగులు ప్రతిబింబానికి ఎంత అనుకూలమో నల్లమెడ కొంగల గూళ్లకూ అంతే అనుకూలం. లద్దాఖ్ అధికారిక పక్షి ఇది. వేసవిలో ఇక్కడి చిత్తడి నేలల్లో సాధారణంగా రెండే గుడ్లు పెడుతుంది. దక్షిణాది చెరువులకు చలికాలంలో వచ్చే, తల మీద రెండు నల్ల చారలుండే బాతులు కూడా వేసవిలో ఇక్కడే పిల్లల్ని చేస్తాయి. త్సో మొరిరి 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. మనిషిని చూసి కొంగ గూడు వదిలి లేస్తే గుడ్లు చలికి గురవుతాయి. ఆ కాసేపట్లోనే కుక్కలకు దొరకనూ వచ్చు. తడి గడ్డి మీద జీపు పోనిస్తే, ఈ చలిలో గడ్డి పెరిగేది కొద్ది నెలలే కాబట్టి, టైర్ల జాడ ఏళ్ల తరబడి చెరగదు. అందుకే ఇక్కడ చోట్లు వెతికేవాళ్లలో జాగ్రత్తపరులు మే నుంచి ఆగస్టు దాకా గడ్డి మడుగుల వైపు వెళ్లరు. పొడవాటి లెన్సుతో దారి మీద నుంచే తీస్తారు. గూడు కనిపించిన చోటి ఫొటోలో స్థల వివరాలను తీసేశాకే నలుగురికీ పంచుతారు.