మధ్యలో మానివేసినవారి లెక్క

కాటుక దిద్దుకొనుచున్నట్లు ఊహించుకొన్నంత మాత్రమున మనిషి బరువు తగ్గునా? తగ్గదని చిన్నపిల్లలు కూడ చెప్పగలరు. కాని హావోటియాన్ జౌ, ఆయెలెట్ ఫిష్‌బాక్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 2016లో ప్రచురించిన వ్యాసములో, ఇంటర్నెట్ ద్వారా జరిపిన ఒక ప్రయోగమునందు ఇట్టి ఫలితమే వచ్చినట్లు చూపిరి. అది అబద్ధమని వారెరుగుదురు. అట్టి అబద్ధము ఎట్లు పుట్టునో తెలుపుటయే వారి ఉద్దేశము.

ప్రయోగశాలకు వచ్చిన వ్యక్తి మధ్యలో లేచిపోయినచో పరిశోధకుని కంటబడును. ఇంటర్నెట్ ప్రయోగములో పాల్గొనువాడు తన ఇంటిలోనే కంప్యూటరు ముందు కూర్చుండును. విసుగు పుట్టినచో ఎవరికిని చెప్పకుండ వెళ్లిపోవచ్చును. జౌ, ఫిష్‌బాక్‌లు జరిపిన కొన్ని ప్రయోగములలో నూటికి 30 నుండి 50 మంది వరకు ఇట్లు మానివేసిరి.

పైన చెప్పిన ప్రయోగములో పాల్గొన్నవారిని, చీట్లు తీసినట్లు, రెండు జట్లుగా విభజించిరి. ఒక జట్టువారు కంటికి కాటుక వంటి రంగు దిద్దుకొనుచున్నట్లును, రెండవ జట్టువారు గడ్డము గీసుకొన్న పిమ్మట క్రీము రాసుకొనుచున్నట్లును ఊహించుకొనవలెను. కాటుక జట్టులోని పురుషులు ఎక్కువగా మానివేసిరి. మిగిలినవారిలో స్త్రీల పాలు పెరిగినది. సగటు బరువు తగ్గినది.

దీనిని ఒక ఊహాజనితమైన లెక్కతో గ్రహింపవచ్చును. ఒక్కొక్క జట్టులో 100 మంది పురుషులు, 100 మంది స్త్రీలు ఉన్నారనుకొందము. పురుషుల సగటు బరువు 70 కిలోలు, స్త్రీలది 55 కిలోలు అయినచో జట్టు సగటు 62.5 కిలోలు. కాటుక జట్టునుండి 60 మంది పురుషులు వెళ్లిపోయినచో, మిగిలిన 140 మంది సగటు సుమారు 59.3 కిలోలగును. ఎవరి బరువును తగ్గకుండగనే సగటు 3 కిలోలకు పైగా తగ్గినది! చీట్ల ద్వారా సాధించిన సమానత్వము నష్టమైనది.

మానివేసినవారి సంఖ్యను జట్టువారీగా ప్రకటించినచో చదువరి ఈ మోసమును వెంటనే పసిగట్టగలడు. దాచినచో పసిగట్టుట కష్టము. అందువలననే శాస్త్రజ్ఞులు నివేదికలకు కొన్ని ప్రమాణములను ఏర్పరచిరి. 1996లో వైద్య ప్రయోగముల కొరకు వెలువడిన ‘కన్సార్ట్’ ప్రమాణము ఇందులో ప్రసిద్ధమైనది. ఎందరు చేరిరి, ఏ జట్టునుండి ఎందరు వైదొలగిరి, తుది గణనలో ఎందరున్నారు అను విషయములను తెలుపవలెనని అది కోరును. 2004లో గుంథర్ ఐసెన్‌బాక్ ఇంటర్నెట్ సర్వేల కొరకు ‘చెర్రీస్’ అను పట్టికను ప్రకటించెను. ప్రశ్నావళిని ఎందరు చూచిరి, ఎందరు అంగీకరించిరి, ఎందరు పూర్తిచేసిరి, ఒకే వ్యక్తి రెండుసార్లు పాల్గొనకుండ ఏ జాగ్రత్త తీసికొనిరి అనునవి అందలి ముఖ్యాంశములు.

ఇట్టి ప్రమాణములు చెడు ప్రయోగమును మంచి ప్రయోగముగా మార్చజాలవు. దాని లోపమును ఇతరులు కనుగొనుటకు మాత్రము వీలు కల్పించును.

ఈ నీతి పాఠశాలకును వర్తించును. లోలకపు డోలన కాలమును పదిసార్లు కొలిచి, ‘కుదరని’ మూడు కొలతలను కొట్టివేసి, ఏడింటి సగటునే రికార్డు పుస్తకములో వ్రాసిన విద్యార్థియు చదువరికి సగము సంగతియే చెప్పుచున్నాడు. కొట్టివేసిన మూడింటిని, వానిని కొట్టివేయుటకు గల కారణమును కూడ వ్రాయుట విద్యార్థి దశలోనే అలవడవలెను.