కార్లకు చోటు – మనుషులకు నిలువనీడ

మెన్లో పార్క్ అనగానే మీలో చాలామందికి ఎడిసన్ గుర్తుకు వస్తాడు. ఆయన 1876లో ప్రయోగశాల నెలకొల్పి ఫోనోగ్రాఫును, విద్యుద్దీపాన్ని రూపొందించిన మెన్లో పార్క్ అమెరికా తూర్పు తీరాన న్యూజెర్సీ రాష్ట్రంలో ఉంది. అదే పేరుగల ఊరు మరొకటి ఆ దేశపు పడమటి తీరాన, కాలిఫోర్నియాలో ఉంది. మనం ఇప్పుడు చెప్పుకోబోయేది ఈ రెండో ఊరి గురించి.

శాన్ ఫ్రాన్సిస్కో నగరానికి దక్షిణాన ఉన్న ఈ ఊరి జనాభా 2020 లెక్కల ప్రకారం 33 వేల పైచిలుకు. ఊరి మధ్యలో 1867లో కట్టిన రైలుస్టేషను ఉంది. పట్టాలకు ఒక పక్క బజారు. ఆ బజారులో దుకాణాల వెనుక, కార్లు నిలుపుకోవడానికి నగరపాలక సంఘం ఉంచిన ఎనిమిది ఖాళీస్థలాలున్నాయి. పట్టాలకు రెండో పక్క, నడిచిపోగల దూరంలోనే, 63 ఎకరాల పరిశోధనాసంస్థ ఆవరణ ఉంది. అందులో పాతబడిన భవనాలు, వాటి చుట్టూ విశాలమైన పార్కింగు స్థలాలు ఉన్నాయి.

ఊరి నడిబొడ్డున ఇంత నేల ఉంది. కాని ఆ ఊళ్ళో పనిచేసే ఉపాధ్యాయులకు, నర్సులకు, హోటలు పనివారికి అక్కడ ఇల్లు దొరకదు. దొరికినా అద్దె భరించలేరు. చాలామంది దూరప్రాంతాల నుంచి రోజూ గంటల తరబడి కారులో వచ్చిపోతారు. వచ్చినవారి కార్లు నిలపడానికి మళ్ళీ స్థలం కావాలి! ఈ చిక్కుముడిని విప్పడం ఎలా? మీరు బడిలో నేర్చుకున్న గణితం, భౌతిక, రసాయనశాస్త్రాలతోనే దీనిని చాలావరకు పరిశీలించవచ్చు. రండి, చూద్దాం.

ఒకే నేల – ఎన్నో అవతారాలు

ముందు ఆ 63 ఎకరాల ఆవరణ కథ వినండి. అది ఒకప్పుడు హాప్కిన్స్ అనే సంపన్నుడి ఎస్టేటులో భాగం. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా సైన్యం అక్కడ గాయపడిన సైనికుల కోసం డిబుల్ జనరల్ హాస్పిటల్ అనే ఆస్పత్రిని నిర్మించింది. యుద్ధం ముగిశాక 1946లో ఆస్పత్రి మూతపడింది. మరి ఆ షెడ్లేమయ్యాయి? దగ్గరలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకొనేవారు, వారి కుటుంబాలు వాటిలో కాపురం పెట్టారు. రోగుల వార్డులు ఇళ్ళయ్యాయి!

ఆ తరువాత ఆ నేలమీద స్టాన్‌ఫర్డ్ రిసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వెలసింది. నేడు దీనిని ఎస్.ఆర్.ఐ. ఇంటర్నేషనల్ అంటారు. బ్యాంకు చెక్కు అడుగుభాగాన వింతగా కనిపించే అంకెలను గమనించారా? అవి అయస్కాంత ధర్మంగల సిరాతో అచ్చువేసినవి. వాటిని చదివి లెక్కలు చూసుకొనే యంత్రాన్ని ఈ సంస్థ 1955లో ప్రదర్శించింది. కంప్యూటరు మౌసు తొలిరూపం 1964లో ఇక్కడే తయారయింది. అది కింద రెండు చక్రాలున్న చిన్న చెక్కపెట్టె! దాని వెనుక ఉన్న ఊహ డగ్లస్ ఎంగెల్‌బార్ట్‌ది. 1969 అక్టోబరు 29న లాస్ ఏంజిలిస్‌లోని విశ్వవిద్యాలయం నుంచి ఇక్కడి కంప్యూటరుకు ఒక సందేశం బయలుదేరింది. "లాగిన్" అనే మాటలో మొదటి రెండు అక్షరాలు చేరాయో లేదో యంత్రం ఆగిపోయింది. ఇంటర్నెట్టుకు పునాది అయిన ఆర్పానెట్‌లో అదే తొలి సందేశం.

ఈ చరిత్ర వల్ల మనకు తెలిసేదేమిటి? ఎస్టేటు, ఆస్పత్రి, ఇళ్ళు, ప్రయోగశాలలు – అవసరం మారినప్పుడల్లా అదే నేల కొత్త పనికి ఉపయోగపడింది. ఇప్పుడు మరొకసారి మారవలసిన సమయం వచ్చింది.

ఆవరణ ఎందుకు పలుచబడింది?

1950–60ల నాటి అమెరికాలో కంపెనీలు, పరిశోధనాసంస్థలు ఊళ్ళలో విశాలమైన ఆవరణలు కట్టుకున్నాయి. తక్కువ అంతస్తుల భవనాలు, పచ్చికబయళ్ళు, చుట్టూ కార్ల స్థలాలు. ఉద్యోగులందరూ కార్లలోనే వస్తారన్న లెక్కతో వేసిన పథకాలవి. కాలం మారింది. గదినిండా పట్టే కంప్యూటరు ఒళ్ళో ఇమిడిపోయింది. 2020లో కోవిడ్ వ్యాధి వ్యాపించినప్పుడు లక్షలమంది ఇంటినుంచే పనిచేయడం అలవాటు చేసుకున్నారు. తరువాత కూడా చాలా ఆఫీసులు మునుపటిలా నిండలేదు.

నేలను ఎంత వాడుకుంటున్నామో కొలవడానికి ఇంజనీర్లు ఒక నిష్పత్తి వాడతారు. భవనాల అన్ని అంతస్తుల వైశాల్యాన్ని కలిపి, స్థలం వైశాల్యంతో భాగిస్తారు. ఎస్.ఆర్.ఐ. ఆవరణలోని 38 భవనాల మొత్తం వైశాల్యం సుమారు 14 లక్షల చదరపుటడుగులు. స్థలం 63 ఎకరాలు, అంటే సుమారు 27 లక్షల చదరపుటడుగులు. భాగిస్తే వచ్చేది సుమారు 0.5. రైలుస్టేషను పక్కన ఇది చాలా పలుచని వాడకమే. స్థలంలో సగం మాత్రమే కట్టి, దానిపై నాలుగంతస్తులు లేపితే ఈ నిష్పత్తి ఎంతవుతుంది? మీరే లెక్కించండి. (జవాబు 2.)

నిలిచిన కారు ఎంత చోటు తింటుంది?

కారు ఒకటి నిలవడానికి సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు కావాలి. అంటే 12.5 చదరపు మీటర్లు. ఇంతేనా? లోపలికి రావడానికి, మలుపు తిరగడానికి, బయటికి పోవడానికి దారి ఉండాలి. అన్నీ కలిపితే ఒక్కో కారుకు దాదాపు 30 చదరపు మీటర్లు పడుతుంది. మన ఊళ్ళలో ఇంత చోటులో ఒక కుటుంబం కాపురం చేయడం మీరు చూసే ఉంటారు.

ఎకరమంటే సుమారు 4,000 చదరపు మీటర్లు. 30తో భాగించండి. ఎకరానికి 130 కార్లు. అదే ఎకరంలో సగం చెట్లకు, దారులకు వదిలి, మిగతా సగంలో అయిదంతస్తుల భవనం కడితే? 2,000 × 5 = 10,000 చదరపు మీటర్లు. మెట్లకు, లిఫ్టులకు, వసారాలకు నాలుగో వంతు తీసేస్తే 7,500 మిగులుతుంది. ఇంటికి 75 చదరపు మీటర్ల చొప్పున 100 కుటుంబాలు ఉండవచ్చు. 130 కార్లా, 100 కుటుంబాలా? లెక్క మన కళ్ళముందే ఉంది.

ఇంకో విచిత్రం చూడండి. పార్కింగు విషయంపై జీవితకాలం పరిశోధించిన డోనాల్డ్ షూప్ అనే ఆచార్యుడు లాస్ ఏంజిలిస్‌లో ఉండేవారు. ఆయన 2025లో మరణించారు. సగటున కారు తన కాలంలో 95 శాతం నిలిచే ఉంటుందని ఆయన చెప్పేవారు. అంటే రోజుకు 24 గంటల్లో అది తిరిగేది గంటా పన్నెండు నిమిషాలు మాత్రమే. పైగా అది నిలవడానికి ఇంటిదగ్గర ఒక చోటు, ఆఫీసు దగ్గర ఒక చోటు, అంగడి దగ్గర మరో చోటు కావాలి. కారు ఒక్కటే కాబట్టి ఏ క్షణాన చూసినా వీటిలో రెండైనా ఖాళీగా ఉండవలసిందే!

మరి ఇంత స్థలం ఎలా పోగుపడింది? చట్టం వల్ల. ఒహయో రాష్ట్రంలోని కొలంబస్ నగరం 1923లోనే, బహుళ కుటుంబాల భవనం కడితే కార్లకు ఇంత స్థలం వదలాలని నియమం పెట్టింది. తరువాత అమెరికా నగరాలెన్నో దుకాణాలకు, ఆఫీసులకు, ఆస్పత్రులకు ఇలాంటి నియమాలు చేశాయి. ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. బఫలో నగరం 2017లో ఈ నియమాన్ని ఎత్తివేసింది. ప్రధాన రవాణా స్టేషన్లకు అరమైలు లోపు కట్టే చాలా భవనాలకు ఇలాంటి నియమం విధించరాదని కాలిఫోర్నియా 2022లో చట్టం చేసింది.

నల్లని నేల – ఎండ, వాన

మిట్టమధ్యాహ్నం తారురోడ్డు మీద చెప్పుల్లేకుండా నడిచినవారికి ఈ పాఠం వేరే చెప్పనక్కర్లేదు. కొత్తగా వేసిన తారు తనపై పడిన సూర్యకాంతిలో దాదాపు 5 శాతాన్నే పరావర్తనం చేస్తుంది. మిగతాదంతా పీల్చుకొని వేడెక్కుతుంది. పొద్దుగూకాక ఆ వేడిని నెమ్మదిగా గాలిలోకి వదులుతుంది. అందుకే పట్టణాల మధ్యభాగం రాత్రుళ్ళు కూడా చల్లబడదు. చెట్టు సంగతి వేరు. అది నీడ ఇవ్వడమే కాదు, ఆకుల నుంచి నీటిని ఆవిరిగా పంపుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి 500 కేలరీలకు పైగా వేడి కావాలి. ఆ వేడిని చుట్టుపక్కల నుంచే తీసుకుంటుంది కాబట్టి గాలి చల్లబడుతుంది.

వాన మాటేమిటి? ఎకరం తారునేల మీద ఒక్క సెంటీమీటరు వాన కురిస్తే 40,000 లీటర్ల నీరు పడుతుంది. 5,000 లీటర్ల టాంకర్లు ఎనిమిది! నేలలో ఇంకే దారి లేక ఇది దాదాపు అంతా కాలువలోకి ఒక్కసారిగా పరుగెత్తుతుంది. మెన్లో పార్క్ సరిహద్దున పారే శాన్ ఫ్రాన్సిస్కీటో వాగు 1998 ఫిబ్రవరిలోను, 2022 డిసెంబరు 31న పొంగి పొర్లింది. కొండల్లో కురిసిన వానే దీనికి ముఖ్యకారణం. అయినా ఇంకని నేల ప్రతి ఎకరమూ వాగుకు మరికొంత భారం చేర్చుతుంది. భవనం కప్పు కూడా నీటిని ఇంకనివ్వదు కాబట్టి, ఇళ్ళు కట్టినా మధ్యలో తోటలు, వాననీటిని వడగట్టే మట్టిగుంటలు వదలాలి.

ఊరి ముందున్న పథకాలు

కాలిఫోర్నియా ప్రభుత్వం ప్రతి ఊరికీ కొన్నేళ్ళకొకసారి ఇన్ని ఇళ్ళకు చోటు చూపించాలని లెక్క అప్పగిస్తుంది. 2023–2031 కాలానికి మెన్లో పార్క్ వాటాకు 2,946 ఇళ్ళు వచ్చాయి. వీటికి కొత్తనేల ఎక్కడుంది? ఒక పక్క అఖాతం, చుట్టూ వేరే ఊళ్ళు. ఉన్న నేలనే తిరిగి వాడుకోవాలి.

అందుకే రెండు ఆలోచనలు వచ్చాయి. మొదటిది ఎస్.ఆర్.ఐ. ఆవరణ. అక్కడి 38 భవనాలలో మూడింటిని ఉంచి, తక్కినవాటిని తీసివేసి, కొత్త ప్రయోగశాలలు, ఇళ్ళు, అందరికీ తెరిచిన బాటలు, తోటలు ఏర్పరచాలని పథకం వేశారు. రెండవది బజారులోని పార్కింగు స్థలాలు. వాటిలో మూడుచోట్ల, తక్కువ ఆదాయంగలవారికి కనీసం 345 ఇళ్ళు కట్టాలన్న ప్రతిపాదనను నగరసభ 2025లో ముందుకు తీసుకుపోయింది.

వెంటనే వివాదం రేగింది. "కారు నిలపడానికి చోటు లేకపోతే కొనేవాళ్ళు రారు. మా దుకాణాలు మూతపడతాయి. ఈ స్థలాలు ఒకప్పుడు ఇక్కడి స్థలయజమానుల సొమ్ముతో ఏర్పడినవి" అని వర్తకులు వాదించారు. కొందరు ఆ ఏడాదే న్యాయస్థానానికి వెళ్ళారు. ఇళ్ళు కావాలనేవారు, "మా పిల్లలకు చదువుచెప్పే టీచరు, మాకు వైద్యం చేసే నర్సు ఈ ఊళ్ళో ఉండకూడదా?" అని అడిగారు. ఆలోచించి చూడండి, రెండు మాటల్లోనూ నిజముంది. చిన్న దుకాణదారుకు నిర్మాణం సాగే రెండు మూడేళ్ళ నష్టమే ప్రాణాంతకం కావచ్చు.

ఇలాంటిచోట శాస్త్రం కొంత సాయం చేయగలదు. ఒక ఉదాహరణ ఊహించుకోండి. ఒక ఆఫీసుకు పగలు 100 కార్లు, రాత్రి 10 కార్లు వస్తాయి. పక్కనున్న ఇళ్ళకు పగలు 30, రాత్రి 80 కార్లు ఉంటాయి. ఎవరి స్థలం వారికి విడిగా ఇస్తే 180 చోట్లు కావాలి. ఇద్దరూ ఒకే స్థలం వాడుకుంటే? పగలు 130, రాత్రి 90. కాబట్టి 130 చోట్లు చాలు! యాభై చోట్ల నేల మిగిలింది. పైగా అంతస్తుల పార్కింగు కడితే నేల మరింత కలిసివస్తుంది. స్టేషను దగ్గర కాబట్టి కొందరికి కారే అక్కర్లేదు. ఈ మార్గంలో 2024 నుంచి విద్యుత్ రైళ్ళు నడుస్తున్నాయి.

ఒక హెచ్చరిక కూడా ఉంది. పాతవన్నీ కూల్చి కొత్తవి కట్టడమే ప్రగతి అనుకోరాదు. సిమెంటు తయారీలో సున్నపురాయిని కాలుస్తారు. కాల్షియం కార్బొనేటు విడిపోయి కాల్షియం ఆక్సైడు, కార్బన్ డై ఆక్సైడు వస్తాయని మీరు చదువుకున్నారు. కొలిమికి కాల్చే ఇంధనం నుంచి మరికొంత వాయువు వెలువడుతుంది. కనుక గట్టిగా ఉన్న భవనాన్ని బాగుచేసి వాడుకోవడం మంచిది. ఆస్పత్రి వార్డుల్లో విద్యార్థులు కాపురం పెట్టిన కథ ఈ సందర్భంలో గుర్తుంచుకోదగినది.

మీరు చేసి చూడండి

మీ ఊళ్ళో బస్‌స్టాండు దగ్గరో, సినిమాహాలు దగ్గరో, కల్యాణమండపం దగ్గరో వాహనాలు నిలిపే స్థలాన్ని ఒకదాన్ని ఎంచుకోండి. పెద్దల అనుమతి తీసుకొని టేపుతో దాని పొడవు, వెడల్పు కొలవండి. ఉదయం 8, మధ్యాహ్నం 12, సాయంత్రం 4, రాత్రి 8 గంటలకు అక్కడున్న వాహనాలను లెక్కపెట్టండి. పనిరోజున ఒకసారి, సెలవురోజున ఒకసారి చేయాలి. గ్రాఫు కాగితం మీద అడ్డంగా కాలాన్ని, నిలువుగా వాహనాల సంఖ్యను గుర్తించి గీత గీయండి. ఏ వేళలో స్థలం ఖాళీగా ఉందో తెలుస్తుంది.

అదే రోజు మధ్యాహ్నం ఒక థర్మామీటరును తారునేలకు అరమీటరు ఎత్తున, మరొకదాన్ని చెట్టుకింద అంతే ఎత్తున పట్టి చూడండి. రెంటికీ ఎండ నేరుగా తగలకుండా పుస్తకం అడ్డుపెట్టాలి. తేడా రాసుకోండి.

చివరగా ఆ స్థలం పక్కన ఉన్న దుకాణదారును, రోజూ దూరంనుంచి వచ్చి పనిచేసే ఒకరిని పలకరించండి. ఆ స్థలం ఏమైతే బాగుంటుందని అడగండి. వారి జవాబులను గ్రాఫు పక్కనే అతికించి తరగతిలో చర్చించండి. ఎంత నేల ఖాళీగా ఉందో గ్రాఫు చెబుతుంది. దాన్ని ఎవరికోసం వాడాలో ఆ జవాబులు విన్నాకనే తేల్చాలి.