మీకు తెలుసా? తాతమ్మ బొంత వయసెంత

నూజివీడు చుట్టుపక్కల మామిడితోటల ఊళ్లలో పాత బొంత ఎవరింట ఉన్నా దాని వెంట ఒక మాట కూడా ఉంటుంది: "ఇది మా తాతమ్మ కుట్టింది, నూటయాభై ఏళ్ల నాటిది." నిజమే కావచ్చు. కానీ నమ్మే ముందు చూడాల్సింది ఒకటుంది. బొంతలో అన్నిటికంటే కొత్త గుడ్డ ఏదో, కుట్టిన దారం ఎప్పటిదో చూడాలి. ఇప్పుడున్న రూపంలో ఆ బొంత అంతకన్నా పాతది అయ్యే వీల్లేదు. కుట్టులో పాలిస్టర్ దారం కనబడిందా? పాలిస్టర్‌ను ఇంగ్లండులో కనిపెట్టింది 1941లో. ఆ కుట్టు 1941కి ముందుది కాదు.

మన బొంతలతో ఇంకో చిక్కుంది. పై పొర చిరిగితే పారేయరు, దాని మీదే ఇంకో నేతచీర పరిచి మళ్లీ కుడతారు. అందుకే పైన మనవరాలు కట్టి విడిచిన చీర ఉంటే, అడుగున నాయనమ్మ పెళ్లినాటి చీర ఉండొచ్చు. ఒకే బొంతకు రెండు మూడు వయసులన్నమాట. అంచు దగ్గర కుట్టు ఊడిన చోట మెల్లగా విడదీసి లోపలికి చూడండి. పెద్దలు చెప్పిన వయసు పైపొరకు చెల్లకపోయినా లోపలి పొరకు చెల్లవచ్చు.

బందరు పూలు, లండన్ మంచాలు

ఇంగ్లిషు ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నం చేరి అక్కడ వర్తకశాల పెట్టింది. డచ్చివాళ్లు అంతకు ముందే వచ్చి ఉన్నారు. ఇద్దరికీ కావలసిన సరుకుల్లో ముఖ్యమైనది అద్దకం బట్ట. మంచం మీద పరిచే పెద్ద దుప్పట్లను 'పలంపూర్' అన్నారు. గుట్ట మీద మొలిచిన వంకరటింకర చెట్టు, దాని నిండా ఒకదానికొకటి పోలికలేని పూలు, కొమ్మల మీద పిట్టలు ఉంటాయి వాటి మీద. ఇది వేల ఏళ్లుగా మారని మన కల్పవృక్షమని నేటికీ అమ్మేవాళ్లు చెబుతారు, కొనేవాళ్లు నమ్ముతారు.

ఆ చెట్టు చరిత్ర అంత సూటిగా లేదు. 1643లో లండన్‌లోని కంపెనీ పెద్దలు సూరత్‌లోని తమ మనుషులకు ఉత్తరం రాశారు. మీరు పంపే బొంతలకు ముదురు ఎర్రటి నేల ఉంటోంది, కొనేవాళ్లందరికీ నచ్చడం లేదు, ఇకమీదట తెల్లటి నేల ఎక్కువ ఉంచి నడుమ రంగుల పూలూ కొమ్మా వేయించండి అన్నది దాని సారాంశం. ఆ తర్వాత నమూనాలే ఓడల్లో రావడం మొదలైంది. అలా పారశీక, చైనా, ఇంగ్లిషు, భారతీయ చిత్రాల పోలికలు కలిసి ఆ చెట్టు తయారైంది. నా మటుకు ఇందులో చిన్నతనం ఏమీ కనబడదు. ఎప్పుడూ చూడని పూలను కాగితం మీద చూసి, పచ్చి బట్ట మీద సొంతంగా పెంచిన చేతుల గొప్పతనమే కనబడుతుంది.

అద్దకం కట్టుకుంటే నేరం

ఆ బట్టకు గిరాకీ ఎంత పెరిగిందంటే ఐరోపా నేతగాళ్లు గగ్గోలు పెట్టారు. ఫ్రాన్సు 1686లో నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లండు 1700లో ఒక చట్టం చేసింది. అది చాలక 1720లో మరొకటి చేసి, అద్దకపు నూలుబట్ట ఒంటి మీదే కాదు, మంచం మీదా కుర్చీ మీదా ఉండకూడదంది. 1774లో సడలించింది కూడా తమ దేశంలో తయారైన బట్టకే. మరుసటి ఏడే, అంటే 1775లో, పేరుమోసిన నటుడు డేవిడ్ గారిక్ ఇంటికి వచ్చిన కోరమాండల్ తీరపు మంచం తెరలను లండన్ సుంకం అధికారులు పట్టుకున్నారు. ఆ తెరలు నేడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి.

నిషేధం ఉన్నా, మరో దేశానికి పంపేందుకు సరుకు లండన్‌లో దింపుకోవచ్చు. అలా చాలా బట్ట అమెరికా వలసలకు చేరింది. అక్కడి తొలి బొంతలు పేదరాళ్లు పీలికలు కూర్చి కుట్టినవనే మాట ఇప్పటికీ ప్రచారంలో ఉంది. నిజానికి మిగిలిన తొలినాటి బొంతల్లో ఎక్కువ భాగం కలవారి ఇళ్లవి. దిగుమతి బట్టలోని పూలను ఒక్కొక్కటే కత్తిరించి తెల్లగుడ్డ మీద కుట్టుకున్నారు, ఖరీదైన బట్టలో చిన్న ముక్క కూడా వృథా కాకూడదని. ముక్కల బొంత ఇంటింటికీ చేరింది మిల్లుబట్ట చవకయ్యాక, 19వ శతాబ్దంలో.

ఎరుపును చూసి వయసు చెప్పొద్దు

ఈ తీరపు ఎరుపు చిరివేరు నుంచి వచ్చింది. బట్టను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు, నలుపుకు ఇనుప తుక్కూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లు. తర్వాత చిరివేరుతో ఉడికిస్తే పటిక పడ్డ చోటే ఎరుపు పట్టుకుంటుంది. పెడనలో అచ్చులు కొట్టేవాళ్లకు ఈ వరస కంఠతా వచ్చు.

ఆ వేరులోని ముఖ్యమైన రంగు అలిజరిన్. 1868లో జర్మన్ రసాయనవేత్తలు గ్రేబె, లీబర్‌మాన్ దాన్నే ప్రయోగశాలలో తయారుచేశారు. కొద్ది ఏళ్లలోనే అది బజారుకెక్కింది. పదార్థం ఒకటే కాబట్టి కంటితో చూసి తేడా చెప్పలేం. వేరులో అలిజరిన్‌తో పాటు ఉండే మిగతా రంగులను పరీక్షలో పట్టుకోవాలి. కాబట్టి "ఎరుపు వెలవలేదు, అందుకే పాతకాలపు వేరురంగు" అన్న మాట మీద డబ్బు పెట్టకండి.

మామిడి పిందె మామిడిదేనా?

రసాలు, బంగినపల్లి పండే నేల మీద నిలబడి ఈ మాట చెప్పడం కష్టమే. చీర అంచుల మీదా బొంత ముక్కల్లోనూ కనిపించే వంకర పిందెను మనం చెట్టు మీది పిందెగానే చూస్తాం. కాశ్మీరు శాలువల మీద దాని కథ వేరు. 17వ శతాబ్దంలో అది ఒంటరి పూలమొక్క. 18వ శతాబ్దంలో పూలు గుత్తిగా దట్టమై, కొన ఒంగి ఇప్పటి ఆకారానికి వచ్చింది. స్కాట్లండులోని పెయిస్లీ ఊరు ఆ శాలువలకు నకళ్లు నేసి తన పేరు అంటించుకుంది.

గూఢచారి బొంతలు

అమెరికాలో బానిసలు పారిపోయే దారులు బొంతల మీద గుర్తులుగా కుట్టి కంచెల మీద ఆరేసేవారని 1999లో ఒక పుస్తకం చెప్పింది. బడి పిల్లల పాఠాల్లోకీ ఎక్కింది. చరిత్రకారులు ఒప్పుకోలేదు. తప్పించుకున్నవాళ్లు స్వయంగా చెప్పిన ఆత్మకథల్లో ఆ ఊసే లేదు. ఆ గుర్తుల్లో ఒకటిగా చెప్పిన జంట ఉంగరాల నమూనా 20వ శతాబ్దానిది. బానిస స్త్రీలు గొప్ప బొంతలు కుట్టారన్నది మాత్రం తిరుగులేని నిజం, దానికి ఈ కథ అరువు అక్కర్లేదు.

అతుకు అంటే లేమి కాదు

వినయపిటకం చెప్పే కథలో, బుద్ధుడు మగధలో గట్లు కట్టిన వరిమళ్లు చూసి, భిక్షువులు కప్పుకునే చీవరం అలా ఉండాలని ఆనందుడితో అన్నాడు. గుడ్డను ముక్కలుగా కోసి, మడుల్లా కలిపి కుట్టడం అప్పటినుంచి నియమమైంది. మన ఘంటసాల, అమరావతి అలాంటి చీవరాలు తిరిగిన నేల.

చివరగా ఒక పని. మీ ఇంటి బొంత కుట్టిన మనిషి, లేదా కుడుతుంటే చూసిన మనిషి ఇంకా ఉంటే ఇవాళే అడగండి: ఏ పొర ఎవరి చీర, ఏ ఊరి నేత, ఏ ఏడు కుట్టారు అని. ఆ నాలుగు ముక్కలూ తెల్ల నూలుగుడ్డ మీద దారంతో కుట్టి, బొంత వెనక మూలన తగిలించండి. బాల్‌పెన్నుతో మాత్రం రాయకండి, సిరా పాకుతుంది.