7.4 ప్రాక్సీ ద్వారా ఎస్‌ఎఫ్‌టీపీ సర్వర్‌ను చేరడం

మీ ప్రోగ్రాం ఇంట్లోని కంప్యూటర్‌లో చక్కగా పనిచేస్తుంది. అదే ప్రోగ్రాంను కార్యాలయంలో నడిపితే సర్వర్ అందదు. ఎందుకో ఆలోచించారా? చాలా కార్యాలయాలలో కంప్యూటర్లు ఇంటర్నెట్‌తో నేరుగా మాట్లాడవు. మధ్యలో ప్రాక్సీ అనే మరొక కంప్యూటర్ ఉంటుంది.

ఎస్‌ఎఫ్‌టీపీ అంటే ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత మార్గం మీద ఫైళ్ళను పంపే పద్ధతి. ఎస్‌ఎస్‌హెచ్ 1995లో ఫిన్లాండులో రూపొందింది. దీనికి సాధారణంగా 22వ పోర్టును వాడతారు.

ఒకప్పుడు ఆపరేటర్ ట్రంక్ కాల్ కలిపినట్లే, ప్రాక్సీ మిమ్మల్ని సర్వర్‌తో కలుపుతుంది. హెచ్‌టీటీపీ ప్రాక్సీ ఉన్నప్పుడు పైథాన్ భాషలో ఈ పని నాలుగు మెట్లలో జరుగుతుంది.

1. ముందుగా సాకెట్‌ను సర్వర్‌కు కాక, ప్రాక్సీకి తెరవండి.

2. దాని మీద 'కనెక్ట్' అనే అభ్యర్థన పంపండి. అందులో సర్వర్ పేరు, పోర్టు సంఖ్య 22 ఉండాలి. చివర ఒక ఖాళీ పంక్తి ఉండాలి.

3. జవాబు చదవండి. 200 అని వస్తే దారి తెరుచుకున్నట్లు. అయితే ఖాళీ పంక్తి వరకే చదవండి. ఆ తరువాత వచ్చేవి సర్వర్ పంపే మాటలు. వాటిని ఇక్కడే చదివేస్తే ఎస్‌ఎస్‌హెచ్ సంభాషణ మొదలు కాదు.

4. ఆ సాకెట్‌నే 'పారామికో' లైబ్రరీలోని 'ట్రాన్స్‌పోర్ట్'కు ఇవ్వండి. వినియోగదారు పేరు, పాస్‌వర్డ్, సర్వర్ హోస్ట్ కీ ఇచ్చి లోపలికి వెళ్ళండి. ఇక ఫైళ్ళు తెచ్చుకోవచ్చు.

గమనిక: ఫైలులోని విషయాన్ని ప్రాక్సీ చదవగలదా? చదవలేదు. అయితే అవతల ఉన్నది మీ సర్వరేనని మీరు సరిచూసుకోవాలి. హోస్ట్ కీ ఇవ్వకపోతే 'ట్రాన్స్‌పోర్ట్' దానిని సరిచూడదు. అప్పుడు మధ్యలో ఎవరైనా సర్వర్‌లా నటించి మీ పాస్‌వర్డ్‌ను, ఫైళ్ళను కాజేయవచ్చు. కాబట్టి హోస్ట్ కీని సర్వర్ నిర్వాహకుని నుండి ముందే తీసుకోండి.

లోపం ఎక్కడ ఉంది?

407 వస్తే ప్రాక్సీ తన సొంత వినియోగదారు పేరు, పాస్‌వర్డ్ అడుగుతున్నదని అర్థం. 403 వస్తే ప్రాక్సీ అనుమతించలేదు. చాలా ప్రాక్సీలు 443వ పోర్టుకు మాత్రమే దారి ఇస్తాయి. అప్పుడు దొడ్డిదారి వెతకకండి, నెట్‌వర్క్ నిర్వాహకుని అనుమతి కోరండి. 200 వచ్చిన తరువాత పాస్‌వర్డ్ చెల్లకపోతే, ప్రాక్సీని వదిలి సర్వర్‌కు ఇచ్చిన వివరాలను సరిచూడండి.

పాఠ్యాంశ ప్రశ్నలు

1. సాకెట్‌ను మొదట ఎవరికి తెరవాలి?
2. ప్రాక్సీ జవాబును ఎంతవరకు చదవాలి? ఎందుకు?
3. 407కు, 403కు తేడా ఏమిటి?